గదిలో చెమ్మ, ఆకుల పొగ

ప్రశ్న: మా అబ్బాయి చైనాలోని గ్వాంగ్‌జౌలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. మార్చి వస్తే వాడి అద్దె గదిలో గోడలకు చెమటలు పడతాయట. ఇంటావిడ ఏవో ఎండాకులు కాల్చి పొగ వేస్తోంది. బ్యాక్టీరియా చస్తుంది, ఒంట్లో చెమ్మ పోతుంది అంటోందట. వాడికి చిన్నప్పటి నుంచి ఆస్తమా. నాకు టెన్షన్‌గా ఉంది. ఆ పొగ వేయించుకోవచ్చా?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: వద్దమ్మా. ముందు అబ్బాయికి ఫోన్ చేసి ఈ మాట చెప్పండి, మిగతాది తర్వాత చదవండి.

ఆ ఆకు మనం వినాయక చవితి పత్రిలో వాడే మాచిపత్రికి దగ్గర చుట్టం. దాని పొగ మూసిన గదిలో గాలిలోని కొన్ని బ్యాక్టీరియాలను తగ్గిస్తుందని ప్రయోగాల్లో తేలింది. కానీ గోడకు పట్టిన బూజు దానితో పోదు. పైగా ఆ నుసి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఆయాసాన్ని రేపుతుంది.

నేను ఆ ఊళ్లో ల్యాబ్‌లో పనిచేసినప్పుడు ఈ కాలం చూశాను. దీన్ని హుయ్‌నాన్‌త్యెన్ అంటారు. చలి పోయీపోకముందే సముద్రం మీంచి వెచ్చని తడిగాలి వస్తుంది. ఇంకా చల్లగా ఉన్న టైల్స్ మీద నీరు పేరుకుంటుంది. ఉతికిన సాక్సులు ఆరవు, బీరువాలోని తోలు బూట్ల మీద తెల్లగా బూజు లేస్తుంది.

ఇంటావిడ రెండు సంగతులు కలిపేసింది. తల బరువు, ఆకలి మందగించడం, ఒళ్లు లాగడం లాంటి వాటిని అక్కడి సంప్రదాయ వైద్యులు ఒంట్లో చేరిన చెమ్మ అంటారు. ఆ లెక్కలో బ్యాక్టీరియా లేదు. అలాగని వాళ్లకు అంటువ్యాధుల ఆలోచనే లేదనుకోకండి. 1641లో అంటురోగాలు చెలరేగాక వూ యోకో అనే వైద్యుడు 1642లో ఒక గ్రంథం రాశాడు. ఈ జబ్బులకు కారణం చలీ వేడీ కాదు, ముక్కు, నోటి గుండా లోపలికి వచ్చే వేరే దుష్టపదార్థం అన్నాడు. డచ్ శాస్త్రవేత్త లేవన్‌హుక్ మైక్రోస్కోప్‌లో బ్యాక్టీరియాను చూసింది 1676లో! మైక్రోస్కోప్ లేకుండానే అంతదూరం ఆలోచించిన ఆ మనిషంటే నాకు ఎంతో గౌరవం.

ఇక మీవాడు చేయాల్సింది: ఆ తడిగాలి రోజుల్లో కిటికీలు, ముఖ్యంగా దక్షిణం వైపువి, మూసి ఉంచాలి. ఏసీని డ్రై మోడ్‌లో పెట్టుకోవాలి. దాని ఫిల్టర్ కడిగి, బాగా ఆరాకే బిగించాలి. బూజును ఇంకెవరితోనైనా తుడిపించాలి, ఆ సేపు తను గదిలో ఉండకూడదు. డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ ఆపకూడదు. దానికీ ఆయాసం తగ్గకపోతే ఆలస్యం చేయకుండా 120కి ఫోన్ చేయమనండి, అక్కడ అంబులెన్స్ నంబర్ అదే.