ర్యాంపులో పెట్టమన్నారు, ఏ ర్యాంపులో?

ప్రశ్న: మినియాపోలిస్‌లో ఉద్యోగంలో చేరి పది రోజులైంది. ఆఫీసులో అందరూ కారు ‘ర్యాంపులో పెట్టు’ అంటున్నారు. హైవే ఎక్కే దారినీ ర్యాంపే అంటున్నారు. మీటింగులో మేనేజరు ‘నీ ర్యాంప్ అప్ ఎంతవరకు వచ్చింది’ అని అడిగారు. నిఘంటువు తెరిస్తే ‘ఏటవాలు తలం’ అని ఒక్క ముక్క ఉంది. ఏది ఎక్కడ ఏ అర్థంలో వాడతారు? ఇక్కడ చాలా ఒంటరిగా కూడా ఉంది. వచ్చే వేసవిలో అమ్మానాన్నలను రప్పించుకుందామా అనుకుంటున్నాను.

జవాబు: తమ్ముడూ, పది రోజులకే నీకు ఈ అనుమానం వచ్చిందంటే నాకంటే తెలివైనవాడివే. నాకు అనుమానమే రాలేదు. అదే నా కొంప ముంచింది. వయసులో చాలా పెద్దవాణ్ణి కాబట్టి ‘నువ్వు’ అంటున్నాను, ఏమీ అనుకోకు.

నేను గోదావరి గట్టున పుట్టినవాణ్ణి. మాకు ర్యాంపు అంటే ఇసుక ర్యాంపు, అంతే. గట్టు మీది నుంచి నదిలోకి లారీలు, ట్రాక్టర్లు దిగే వాలుబాట, దాని మొదట్లో రసీదులు రాసే తాటాకు పాక, పక్కన టీ కొట్టు, అన్నీ కలిపి ర్యాంపే. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్. ‘నాన్నగారు ఏరి?’ అని ఎవరైనా అడిగితే ‘ర్యాంపుకు వెళ్ళారు’ అనేవాళ్ళం. ఆ మాట పుట్టుక ఫ్రెంచి భాషలోదని, అక్కడ దానికి పాకడం, ఎగబాకడం అనే అర్థాలున్నాయని నాకు తెలిసింది మొన్నమొన్న. అప్పటికే ఆ మాట వల్ల నా జేబులోంచి ఎన్ని డాలర్లు పాకిపోయాయో చెబుతాను, విను.

2000 సెప్టెంబరులో వచ్చాను. డాలరు సుమారు 46 రూపాయలున్న రోజులు. ఏది కొన్నా ముందు 46తో గుణించి, ఆ తరువాత గుండె పట్టుకునేవాణ్ణి. నవంబరులో 2,200 డాలర్లకు తొమ్మిదేళ్ళ పాత కరోలా కొన్నాను. మర్నాడు ఆఫీసుకు కారులో వస్తానంటే, పక్క సీటాయన ‘ఆఫీసు దగ్గరే ర్యాంపు ఉంది, అందులో పెట్టు’ అన్నాడు. హైవే ఎక్కే దారిని ర్యాంపు అంటారని డ్రైవింగు పుస్తకంలో చదివి ఉన్నాను. మా ఆఫీసు వెనకే అలాంటిది ఒకటి ఉంది, పక్కన వెడల్పాటి అంచు కూడా ఉంది. తీసుకెళ్ళి నిక్షేపంగా అక్కడ పెట్టేశాను. చుట్టూ చూస్తే ఇంకొక్క కారు లేదు. ‘ఇంత చక్కటి చోటు ఊరికే వస్తుంటే ఈ అమెరికావాళ్ళకు తెలియడం లేదే’ అని నవ్వుకుంటూ ఆఫీసుకు నడిచాను. ఆ రోజంతా నా ముఖంలో ఎంత కళ ఉందంటే, జీతం పెరిగిందా అని ఒకాయన అడిగాడు కూడా.

సాయంత్రం వెళ్ళి చూస్తే కారు లేదు. మంచులో నాలుగు టైర్ల అచ్చులు మాత్రం ఉన్నాయి. ఎవరో వదిలేసి పోయిన బండి అనుకుని లాక్కెళ్ళారట. లాగినందుకు 138 డాలర్లు, జరిమానా 34. మొత్తం 172. నలభై ఆరుతో గుణిస్తే 7,912 రూపాయలు. ఈ అంకె నాకు ఇప్పటికీ నిద్రలో కూడా వస్తుంది. తప్పు పూర్తిగా నాదే కాబట్టి ఎవర్నీ అనడానికి లేకపోయింది, అది ఇంకా బాధ.

విషయమేమిటంటే, ఈ మినసోటాలోనూ పక్కన విస్కాన్సిన్‌లోనూ ర్యాంపు అంటే అంతస్తులున్న పార్కింగు భవనం. ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు వాలు మీద గిరగిరా తిరుగుతూ ఎక్కుతాం కదా, ఆ వాలు పేరే మొత్తం కట్టడానికి వచ్చింది. మిగతా చాలా రాష్ట్రాల్లో దాన్ని గరాజ్ అంటారు, అట్లాంటా వైపు డెక్ అంటారు. కాబట్టి టెక్సస్‌లో ఉన్న స్నేహితుణ్ణెవరినైనా అడిగితే వాడు తప్పే చెబుతాడు. మా పిన్నిగారి అబ్బాయి ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉంటాడు. వాడి దగ్గర ‘ర్యాంపు’ అని రోడ్డు పక్కన బోర్డు కనిపిస్తే ముందు మిట్ట ఉంది, నెమ్మదించమని అర్థం. హైవే ఎక్కే దారిని అక్కడ స్లిప్ రోడ్డు అంటారు. వాడికి చెబితే నా కథకు పగలబడి నవ్వాడు కానీ, వాడు వెళ్ళిన కొత్తలో చేసిన ఘనకార్యాలు నా దగ్గరా ఉన్నాయి.

సరే, అసలు ర్యాంపు తెలిశాక బుద్ధిగా అందులోనే పెట్టాను. అక్కడా డబ్బే. లోపలికి వెళ్ళేటప్పుడు టికెట్టు వస్తుంది చూడు, దాన్ని పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకోవాలి. పోయిందా, రోజంతా ఉన్నట్టు లెక్కగట్టి పూర్తి రుసుము తీసుకుంటారు. ఒకసారి టికెట్టు భద్రంగానే ఉంది, కారు ఏ అంతస్తులో పెట్టానో మరిచిపోయాను. అన్ని అంతస్తులూ ఒకేలా ఉంటాయి: బూడిదరంగు స్తంభాలు, పసుపు గీతలు, నూనె మరకలు. వేళ్ళు కొంకర్లు పోయే చలిలో కారు తాళాల మీట నొక్కుతూ, ఎక్కడైనా కూత వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించి ఆరు అంతస్తులు తిరిగాను. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలకూ మీటరు తిరుగుతూనే ఉంది! నా కారు వెతుక్కోవడానికి నేనే అద్దె కట్టాను. పొద్దున ఫలానా గంటలోపు వస్తే తక్కువ ధర, ఊళ్ళో మ్యాచ్ ఉన్న రోజున ఎక్కువ ధర. ఈ రెండూ గేటు దగ్గర బోర్డు మీదే రాసి ఉంటాయి. మనవాళ్ళు బోర్డు తప్ప అన్నీ చదువుతారు. చలికాలంలో ఇంకో లాభం ఉంది. ఇక్కడ డౌన్‌టౌన్‌లో చాలా ర్యాంపులనూ ఆఫీసులనూ కలుపుతూ రెండో అంతస్తు ఎత్తున స్కైవేలున్నాయి, అంటే నాలుగువైపులా మూసిన నడక వంతెనలు, 1962 నుంచి కడుతూనే వచ్చారు. బయట మైనస్ ఇరవై ఉన్నా కోటు లేకుండా ఆఫీసు చేరవచ్చు.

ఇక హైవే ర్యాంపు. దీని నియమాలన్నీ డ్రైవింగు పుస్తకంలో ఉన్నాయి, చదువుకో. అందులో ముఖ్యమైనది ఒకటి చెబుతాను. ర్యాంపు ఉన్నది వేగం పుంజుకోవడానికి. చివరిదాకా భయపడుతూ వెళ్ళి అక్కడ ఆగిపోతే, వెనకవాడికీ నీకూ ప్రాణం మీదికి వస్తుంది. దిగే ర్యాంపు దాటిపోతే నష్టమేమీ లేదు, ముందుకు వెళ్ళి తరువాతి దాంట్లో దిగు. వెనక్కు నడపకు. నేను ప్రయత్నించాను. ఎందుకంటావా, నాలుగు మైళ్ళ పెట్రోలు దండగని.

ఎక్కే ర్యాంపుల మీద కొన్నిచోట్ల ఎరుపు, పచ్చ దీపాలుంటాయి. హైవే మీదికి కార్లు గుంపుగా కాక ఎడమెడంగా వెళ్ళేలా చేసే వాటిని ర్యాంపు మీటర్లంటారు. నా జాతకం చూడు: సరిగ్గా నేను వచ్చిన కాలంలోనే, ఇవి అవసరమా కాదా తేల్చమని శాసనసభ ఆదేశిస్తే, 2000 అక్టోబరులో మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లోని దాదాపు 430 మీటర్లనూ ఆపేశారు. నేను బండి నేర్చుకున్నది అప్పుడే. ఆ దీపాలు మన ఊరి వీధి దీపాల్లా పాడైపోయాయనుకున్నాను. అవి లేనప్పుడు ప్రమాదాలు 26 శాతం పెరిగాయని తేలింది. డిసెంబరులో మళ్ళీ వెలిగించారు, ఎవరినీ మరీ ఎక్కువసేపు నిలబెట్టకూడదన్న షరతుతో.

వెలిగించిన వారంలో ఒక పొద్దున ఎర్ర దీపం చూసి ఆగాను. పచ్చ వెలిగింది, బ్రేకు మీది నుంచి కాలు తీసేలోపు మళ్ళీ ఎరుపు. ఆగాను. మళ్ళీ పచ్చ, మళ్ళీ ఎరుపు. మూడుసార్లు ఇదే. అద్దంలో చూస్తే నా వెనక పది కార్లు. ఒక్కరు హారన్ కొట్టలేదు. మన దగ్గరైతే ఈపాటికి మా వంశవృక్షం అంతా విని ఉండేవాణ్ణి. చివరికి వెనక కారులోంచి ఒక పెద్దాయన చెవులదాకా టోపీ లాక్కుని దిగి వచ్చి, కిటికీ మీద వేలితో రెండుసార్లు తట్టాడు. ‘ఒక పచ్చకు ఒక కారు. పచ్చ రాగానే వెళ్ళిపోవాలి బాబూ’ అన్నట్టు వేలు చూపించి, నవ్వి, తన కారు ఎక్కాడు. ఆ రోజు నాకు తెలిసింది, ఇక్కడివాళ్ళ మర్యాద మనల్ని తొందరపెట్టదు, మనం నేర్చుకునేదాకా ఓపికగా చూస్తూ ఉంటుంది.

ఇక మీ మేనేజరు అన్న ర్యాంప్ అప్. పనిలో కుదురుకుని వేగం అందుకోవడం అన్నమాట. ‘ఇంకో రెండు వారాలు పడుతుంది’ అని ధైర్యంగా చెప్పు, తప్పేమీ లేదు. నువ్వు చెవులు రిక్కించవలసింది ర్యాంప్ డౌన్ అన్న మాట దగ్గర. 2001 వసంతంలో మా మేనేజరు మీటింగులో ‘జూన్ నుంచి ర్యాంప్ డౌన్’ అన్నాడు. నేనేమనుకున్నానో తెలుసా? పార్కింగు ర్యాంపును మరమ్మతుకు మూసేస్తున్నారనుకున్నాను. మధ్యాహ్నం పార్కింగు కిటికీ దగ్గరకు వెళ్ళి, నా నెలవారీ పాసులో మిగిలిన రోజులకు డబ్బు వాపసు ఇస్తారా అని అడిగాను. ఆ అమ్మాయి ‘ర్యాంపు మూయడం లేదే’ అంది తెల్లబోయి. మూసేది మా ప్రాజెక్టునని సాయంత్రం పక్క సీటాయన మెల్లగా చెప్పాడు. పాసు డబ్బు వాపసు రాలేదు. ఉద్యోగమూ పోయింది. బెంచి మీద, అంటే చేతిలో ఏ ప్రాజెక్టూ లేకుండా, తొమ్మిది వారాలు, అన్నం, ఆవకాయ, అప్పు.

ఉద్యోగం పోతే ఇక్కడ ఎన్ని రోజులు ఉండవచ్చన్నది అధికారిక సైటులో చూసుకో, ఆ నియమాలు మారుతూ ఉంటాయి, నన్ను అడగకు. నేను చెప్పేది డబ్బు సంగతి. నాలుగు నెలల ఇంటి అద్దె బ్యాంకులో ఉన్నదాకా కొత్త కారు అనకు, నెలవారీ పార్కింగు పాసూ కొనకు. రోజు టికెట్టు కాస్త ఖరీదైనా, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయవచ్చు. ఇప్పటి పిల్లలు చేరిన నెలకే పెద్ద కారు కొని ర్యాంపు పైకప్పు మీద ఫోటో దిగుతున్నారు. నేను ఆ కరోలాతో పదకొండేళ్ళు లాగాను. ఇల్లు కొన్నాను, ఇద్దరు పిల్లల్ని చదివించాను.

అమ్మానాన్నల సంగతి అడిగావు. రప్పించు. ముందు ఆరోగ్య బీమా ధర కనుక్కో, తరువాత టికెట్లు. ఇక్కడ జనం వచ్చిపోయే చాలా చోట్ల చక్రాల కుర్చీ కోసం వాలు ఉంటుంది, దాన్నీ ర్యాంపే అంటారు. 1990లో వచ్చిన వికలాంగుల చట్టం వల్ల. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు అదే దిక్కు. 2008లో మా నాన్నగారు వచ్చినప్పుడు గ్రంథాలయానికి తీసుకెళ్ళాను. మోకాళ్ళు సహకరించకపోయినా మొదటి రెండు రోజులు పట్టుదలగా మెట్లే ఎక్కారు. మూడో రోజు ఆ వాలు దగ్గర ఆగి, చెప్పులు విడిచి, మడమకు వేలు ఆనించి అడుగులో అడుగు వేసుకుంటూ కింది నుంచి పైదాకా కొలిచారు. పైన నిలబడి, గడప ఎత్తు చేత్తో చూసి, ‘పన్నెండుకు ఒకటి. సరిగ్గా కట్టారురా’ అన్నారు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. తరువాత నేను వెతికితే ఇక్కడి ప్రమాణమూ అదే! నలభై ఏళ్ళు గట్లు కొలిచిన మనిషి కదా. మెచ్చుకుందామని దగ్గరకు వెళితే, గొంతు తగ్గించి, ‘ఇది ఎక్కితే ఎంత తీసుకుంటారు?’ అని అడిగారు.

ఒంటరితనం గురించి కూడా రాశావు. అది మొదటి చలికాలం దాటితే కొంత సర్దుకుంటుంది, స్కైవేలో నడిచేటప్పుడు మనవాళ్ళు కనిపిస్తే పలకరించు. ఫోను చేసేటప్పుడు అంతర్జాతీయ కాల్ ఛార్జీ చూసుకుని చెయ్యి, లేదా ఇంటర్నెట్టు మీద చెయ్యి.

రేపు పొద్దున ర్యాంపులో కారు దిగగానే టికెట్టును చొక్కా జేబులో కాదు, పర్సులో పెట్టు. పక్క స్తంభం మీద అంతస్తు అంకె ఉంటుంది, దాన్ని ఫోనుతో ఫోటో తీసుకో. మా రోజుల్లో ఆ సదుపాయం లేక అరచేతిలో పెన్నుతో రాసుకునేవాణ్ణి, చేతి తొడుగు తీస్తే చెరిగిపోయేది.