డాక్యుమెంటరీ ఒకవైపే మాట్లాడితే కేసు వేయొచ్చా?

ప్రశ్న: నేను ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. ఒక నీటి ప్రాజెక్టు మీద డాక్యుమెంటరీ తీస్తున్నామని వచ్చి నాతో 40 నిమిషాలు మాట్లాడించారు. "మొదట డిజైన్‌లో లోపం ఉంది, తర్వాత సరిచేశాం" అన్నాను. యూట్యూబ్‌లో పెట్టిన చిత్రంలో మొదటి సగమే ఉంచి, వెంటనే పగుళ్లిచ్చిన గోడ చూపించారు. చిత్రమంతా ఒక పార్టీని దుమ్మెత్తిపోయడమే. ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఇలా ఒకవైపే చూపించడం నేరం కాదా? ఆపించగలనా?

జవాబు: ఒకవైపే చూపించడం నేరం కాదు. మీ మాటను సగానికి కోయడం వేరే సంగతి. రెండూ కలిపి కేసు వేస్తే బలహీనమైనది బలమైనదాన్ని కూడా ముంచుతుంది.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద తీసిన ఒక డాక్యుమెంటరీని దూరదర్శన్ ప్రసారం చేయనంది. అందులో సంయమనం లేదు, నిష్పాక్షికంగా లేదు అన్నవి దాని అభ్యంతరాల్లో కొన్ని. 1992లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రభుత్వాన్ని విమర్శించిందన్న కారణం చాలదంది. అదే తీర్పులో ఇంకో సగం ఉంది: తమ పత్రికలో ఒక పక్షం వ్యాసం వేసుకుని, విమర్శకుడి జవాబు వేయనన్న ఎల్ఐసీని, వేసి తీరాలని ఆదేశించింది. అయితే ఆ హక్కు ప్రభుత్వ సంస్థ మీద. ప్రైవేటు నిర్మాతను "మా వాదన కూడా పెట్టు" అని చట్టంతో నిలదీయలేం.

సినిమా కదిలించినంతగా మరే కళా మనసును కదిలించదని సుప్రీంకోర్టు 1970లోనే గుర్తించింది, అదీ ఒక డాక్యుమెంటరీ కేసులో. ఆ మాట ముందస్తు సెన్సారును సమర్థించడానికి పనికొచ్చింది. యూట్యూబ్‌కు సెన్సారు సర్టిఫికెట్ అక్కర్లేదు. అదే చిత్రాన్ని వీధిలో తెరకట్టి జనానికి వేస్తే కావాలి. విషాద సంగీతానికి, నెమ్మదిగా తిరిగే కెమెరాకు మాత్రం ఏ సెక్షనూ లేదు.

మీ బలమంతా ఆ కోతలో ఉంది. మీ సగం మాట, దాని పక్కనే పగుళ్ల గోడ చూసినవాళ్లు 'లోపం తెలిసీ వదిలేశాడు' అనుకుంటారు. వృత్తిలో మీ పరువు తీసే అబద్ధపు సూచన అది. ముందు మీరు సంతకం పెట్టిన అనుమతి పత్రం తీయండి. "ఎలాగైనా ఎడిట్ చేసుకోవచ్చు" అని రాసి ఉంటే నిర్మాత దాన్నే చూపిస్తాడు. కత్తిరించే అనుమతి, అర్థం తిప్పే అనుమతి ఒకటి కావన్నది మన వాదన.

నోటీసు పంపకముందే వీడియో డౌన్‌లోడ్ చేసి, లింకు, తేదీ, మీ మాట మొదలై ముగిసిన సెకన్లు రాసుకోండి. నోటీసు అందగానే ఆ ముక్క మార్చేస్తే మీ చేతిలో ఏమీ మిగలదు. కోర్టులో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి: ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు నింపాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) అందులో ఉండాలి. ఇది వదిలేసి తర్వాత తంటాలు పడేవాళ్లే ఎక్కువ.

నోటీసులో చిత్రం మొత్తం తీసేయమనకండి. విచారణకు ముందే ప్రచురణను ఆపే ఉత్తర్వులు అసాధారణ సందర్భాల్లోనే ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 మార్చిలో కింది కోర్టులను హెచ్చరించింది. మీ తర్వాతి వాక్యం చేర్చాలని, లేదా అక్కడ తెర మీద వివరణ వేయాలని, ముడి ఫుటేజీ చెరపకుండా ఉంచాలని అడగండి. చిన్న కోరిక కాదనడం నిర్మాతకు కష్టం. కాదంటే నష్టపరిహారం దావాకు ప్రచురణ నుంచి ఏడాదే గడువు. పరువునష్టానికి భారతీయ న్యాయ సంహిత 356 కింద క్రిమినల్ కేసుకు మూడేళ్లు ఉంది కానీ, పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టరు, మేజిస్ట్రేటు దగ్గర మీరే ప్రైవేటు ఫిర్యాదు వేయాలి.

ఎన్నికల చట్టం మీకు పెద్దగా కలిసిరాదు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో సినిమా, టీవీల ద్వారా ఎన్నికల ప్రచారం చూపిస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. ముందే యూట్యూబ్‌లో ఉన్నదాన్ని అది తీయిస్తుందని నమ్ముకోకండి. అదే చట్టంలోని 123(4) అభ్యర్థి వ్యక్తిగత శీలం మీద చెప్పిన అబద్ధాలకు. ప్రాజెక్టు మీద విమర్శకు అతకదు.

ఇంటర్వ్యూ జరిగిన రోజు ఇంట్లో ఎవరైనా ఫోన్‌లో రికార్డు చేశారేమో ఇవాళే అడగండి. ముడి ఫుటేజీ కోర్టు ముందుకు వచ్చేదాకా మీ రెండో సగం వాక్యానికి అదే గట్టి సాక్ష్యం.