స్లోలో ఆగిపోతున్న మారుతి 800: అల్లుడికి ఉత్తరం

ఒరేయ్ అల్లుడూ,

సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కగానే, ఇంజిన్ స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే) తిరగలేక బండి ఆగిపోతోందని, వెనకాల హారన్లు మోగుతుంటే టెన్షన్ వచ్చేస్తోందని చెప్పి, "స్క్రూ ఎటు తిప్పాలి మామయ్యా" అని అడిగావు. చెప్తాను గానీ, ముందు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. మీ నాన్న 1997లో కొన్న ఆ బండిని అమ్మకుండా నడుపుకుంటానన్నావు చూడు, నాకెంత సంతోషమో, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

నేనూ నా బండి ఆగిపోతుంటే స్లో స్క్రూ బిగించేశాను. ఆగడం తగ్గింది, కానీ కాలు తీసినా బండి లాక్కుపోయేది, పెట్రోలు తాగేసేది. మూడు నెలలు పోయాక చూస్తే పెట్రోలు, గాలి కలిపే కార్బొరేటర్ దగ్గర వ్యాక్యూమ్ పైపు (ఇంజిన్ లాగుడు పనిచేసే సన్నటి రబ్బరు పైపు) ఒకటి గోరంత చీలి ఉంది. అక్కడినుంచి దొంగగాలి లాగుతుంటే నేను స్క్రూతో కుస్తీ పడుతున్నా.

కాబట్టి ఎయిర్ ఫిల్టర్ దులుపు. స్పార్క్ ప్లగ్గులు మూడేగా, విప్పి చూడు. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, మరీ తెల్లగా ఉంటే గాలి ఎక్కువవుతోంది. తర్వాత రబ్బరు పైపులు ఒక్కొక్కటీ వంచి చూడు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఆ పాత రబ్బరు దానికోసం చేసింది కాదు. పగులు కనపడితే అతికించకు, మార్చెయ్.

ఇంకొకటి, చాలామంది చూడనిది. కార్బొరేటర్‌కి వైరుతో బిగించిన చిన్న సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) ఉంటుంది, స్లోలో పెట్రోలు వదిలేది అదే. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్‌లో పెట్టి, ఆ వైరు ఊడదీసి మళ్లీ తగిలించు, చెవి దగ్గర పెడితే టక్‌మని వినపడాలి. వినపడలేదంటే కరెంటు అందట్లేదు, లేదా అదే పోయింది. అలాంటప్పుడు కాలు తీయగానే బండి ఆగుతుంది, స్క్రూ ఎంత తిప్పినా లాభం లేదు. అది బాగానే ఉండి కూడా ఆగుతుంటే స్లో జెట్‌లో (స్లోలో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) చెత్త ఉందేమో, విప్పి గాలి కొట్టించు, సూది మాత్రం పెట్టి పొడవకు, రంధ్రం పెద్దదైపోతుంది.

ఇవన్నీ అయ్యాకే స్క్రూ. బండిని ఆరుబయట పెట్టు, షెడ్డులో పొగ ప్రాణం తీస్తుంది. న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్, ఏసీ ఆఫ్, చోక్ పూర్తిగా లోపలికి. పావుగంట తిప్పి ఇంజిన్ వేడెక్కాకే మొదలుపెట్టు, చల్లని ఇంజిన్ మీద సెట్ చేస్తే వేడెక్కాక మారిపోతుంది. మెడలో తువ్వాలు తీసెయ్, రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం.

థ్రాటిల్ లింకేజీ (యాక్సిలరేటర్ తొక్కితే కదిలే మీట) దగ్గరున్నది స్లో స్క్రూ. బిగిస్తే స్పీడు పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. పావు చుట్టు తిప్పు, ఆగు, విను. సుమారు 900 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) రావాలి. నీ బండికి ఆ చుట్లు చూపించే మీటరు లేదు కాబట్టి మెకానిక్ దగ్గర టాకోమీటర్ పెట్టించుకో, ఆ శబ్దం ఒక్కసారి చెవికెక్కితే చాలు. కింద ఉండే మిక్చర్ స్క్రూని (పెట్రోలు, గాలి పాళ్లు మార్చేది) ముట్టుకునే ముందు అది ఆగేదాకా మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టి కాగితం మీద రాసుకో, మళ్లీ అన్ని చుట్లే వెనక్కి తెచ్చాక మొదలుపెట్టు. గట్టిగా బిగిస్తే దాని మొన పాడవుతుంది. అది తిప్పితే పొల్యూషన్ చెక్ చేయించు, 2000కి ముందు పెట్రోలు కార్లకి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు.

చివరికి హెడ్‌లైట్లు, ఏసీ వేసి చూడు. ఏసీ వేసినప్పుడు మాత్రమే ఆగుతుంటే స్లో స్క్రూ ముట్టుకోకు, అప్పుడు స్లో స్పీడు పెంచే డయాఫ్రమ్ (రబ్బరు పొర ఉన్న చిన్న డబ్బా), దాని పైపు వేరే ఉంటాయి, అవి చూడాలి. ఆదివారం వీడియో కాల్ చెయ్, బానెట్ ఎత్తి ఇంజిన్ శబ్దం వినిపించు.

మీ మామయ్య