టెక్ సందేహాలు: చిరునామాలు పంచే చేయి ఒక్కటే ఉండాలి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే చెట్టు కొమ్మలు. ఒకరికి ల్యాబు పడకేసింది, ఒకరికి ప్రింటర్ మాయమవుతోంది, మరొకరికి నెట్ వస్తూ పోతూ ఉంది. అన్నింటి వేరూ ఒక్కటే: కంప్యూటర్‌కు నెట్‌వర్క్ చిరునామా ఎవరు ఇస్తున్నారు? అందుకే ఫోను బ్యాటరీల ప్రశ్నలు వచ్చే వారానికి వాయిదా వేశాను.

మా ఉన్నత పాఠశాల ల్యాబులో 22 కంప్యూటర్లు ఉన్నాయి. పాత బ్రాడ్‌బ్యాండ్ తీసేసి ఫైబర్ పెట్టించాం. కొత్త రూటర్ పెట్టినప్పటి నుంచి ఒక్క కంప్యూటర్‌లోనూ ఇంటర్నెట్ లేదు. నా ఫోనులో మాత్రం వస్తోంది. అమర్చిన కుర్రాడు ఒక్కోదానికీ ఐపీ మార్చాలంటూ, కంప్యూటర్‌కు ఇంత అని డబ్బు అడుగుతున్నాడు. తప్పదా?
— ఒక ఉపాధ్యాయురాలు, సిద్దిపేట జిల్లా

టీచరు గారూ, మార్చాలన్న మాట నిజమే. డబ్బు మాత్రం తప్పుతుంది.

మీరు పంపిన ఫొటోలో సీపీయూ మీద తెల్ల కాగితం అంటించి, స్కెచ్ పెన్నుతో 192.168.1.17 అని రాసి ఉంది. జబ్బు పేరు ఆ కాగితం మీదే ఉంది. మీ ల్యాబు పెట్టిన రోజున ఎవరో ఓపిగ్గా ప్రతి కంప్యూటర్ ముందూ కూర్చుని నాలుగు అంకెల వరుసలు చేత్తో నింపారు: దాని ఐపీ చిరునామా, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్. సబ్‌నెట్ మాస్క్ అంటే ఏ చిరునామాలు మీ నెట్‌వర్క్ లోపలివో చెప్పే అంకె. డీఎన్ఎస్ అంటే వెబ్‌సైట్ పేరు చెబితే దాని అంకెల చిరునామా వెతికిచ్చే సర్వర్. గేట్‌వే అంటే బయటి ప్రపంచానికి వాకిలి, అంటే మీ రూటర్. పాత రూటర్ చిరునామా 192.168.1.1. కొత్తదాని అడుగున స్టిక్కర్ మీద 192.168.29.1 అని ఉందని మీరే రాశారు. వాకిలి వేరే గోడకు మారింది, పిల్లలు ఇంకా పాత గోడ దగ్గరే నిలబడి ఉన్నారు. మీ ఫోనుకు ఎవరూ ఏమీ చేత్తో నింపలేదు కనుక, కొత్త రూటర్‌ను అడిగి కొత్త చిరునామా తెచ్చుకుంది.

అలా అడిగి తెచ్చుకునే పద్ధతి పేరే డీహెచ్‌సీపీ. 1985లో వచ్చిన బూట్‌పీ అనే పాత పద్ధతిలో ఏ యంత్రానికి ఏ చిరునామా అన్నది ముందుగా ఒక జాబితాలో రాసి పెట్టాల్సి వచ్చేది. దాన్ని సాగదీసి 1993లో డీహెచ్‌సీపీని తెచ్చారు. 1997లో సవరించిన రూపమే ఇప్పటికీ మన ఇళ్లలో పనిచేస్తోంది. సత్రంలో గది తీసుకోవడం లాంటిది ఇది. కంప్యూటర్‌ను ఆన్ చేయగానే, తనకంటూ చిరునామా లేదు కనుక, నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా కేక వేస్తుంది: "ఇక్కడ చిరునామాలు ఇచ్చేవారు ఎవరైనా ఉన్నారా?" రూటర్ బదులిస్తుంది: "192.168.1.104 ఖాళీగా ఉంది, కావాలా?" కంప్యూటర్ మళ్లీ అందరికీ వినబడేలా అంటుంది: "ఆయన చూపిన 104 నేను తీసుకుంటున్నాను." రూటర్ చిట్టాలో రాసుకుని, "సరే, రేపు ఈ వేళ దాకా మీది" అంటుంది. ఆ తాళంచెవితో పాటే మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ కూడా చేతిలో పెడుతుంది. ఇదంతా మీరు కుర్చీ లాక్కుని కూర్చునేలోపే అయిపోతుంది.

గడువు ఉందని గమనించారా? 24 గంటలకు ఇచ్చిన చిరునామాను కంప్యూటర్ చివరి నిమిషం దాకా ఉంచుకోదు. సగం గడవగానే, అంటే పన్నెండో గంటలో, వెళ్లి పొడిగించమంటుంది. జవాబు రాకపోతే ఇరవై ఒకటో గంటకు, ఇచ్చినవారే కానక్కర్లేదు, ఎవరైనా పొడిగించండని మళ్లీ కేక వేస్తుంది. అందుకే రూటర్ కాసేపు ఆగిపోయినా చిరునామాలు పోవు.

ఇక చేయాల్సిన పని. విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్', అందులో 'ఈథర్‌నెట్' తెరిచి, 'ఐపీ అసైన్‌మెంట్' పక్కనున్న 'ఎడిట్' నొక్కి 'మాన్యువల్' తీసి 'ఆటోమేటిక్' పెట్టండి. కింద డీఎన్ఎస్‌కు కూడా అలాంటి వరుసే విడిగా ఉంటుంది. చాలామంది దాన్ని మరిచిపోతారు. పాత కంపెనీ డీఎన్ఎస్ అంకెలు అక్కడే కూర్చుని ఉంటే చిరునామా వచ్చినా వెబ్‌సైట్లు తెరుచుకోకపోవచ్చు. ఒక్కో కంప్యూటర్‌కు రెండు నిమిషాల పని. చురుకైన ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగించండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం మీరే కొట్టండి. ఆ తర్వాత రూటర్ ఎన్నిసార్లు మారినా ఈ ల్యాబును ఎవరూ ముట్టుకోనక్కర్లేదు.

రేపే పరీక్ష, అంత తీరిక లేదంటారా? ఒక దొడ్డిదారి ఉంది. కొత్త రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాని సొంత చిరునామానే 192.168.1.1గా మార్చండి. 22 కంప్యూటర్లూ ఒక్కసారిగా లేచి కూర్చునే అవకాశం ఎక్కువ. అయితే ఇందులో ఒక ముల్లు ఉంది. చేత్తో నింపిన 11 నుంచి 32 వరకు అంకెలు ఎవరో వాడుతున్నారని రూటర్ చిట్టాలో ఉండదు. అదే 17ను ఎవరి ఫోనుకో ఇచ్చేసిందంటే రెండూ కొట్టుకుంటాయి. కనుక రూటర్ పంచే చిరునామాలు 100 నుంచి 199 వరకే ఉండేలా డీహెచ్‌సీపీ పేజీలో మొదటి, చివరి అంకెలు మార్చండి. తీరిక దొరికాక కంప్యూటర్లను ఒక్కొక్కటిగా ఆటోమేటిక్‌కు తెచ్చుకోవచ్చు.

అదే పేజీలో డీఎన్ఎస్ గడి ఖాళీగా ఉంటుంది. పిల్లల ల్యాబు కనుక అక్కడ 1.1.1.3, రెండోదిగా 1.0.0.3 రాయండి. ఇవి క్లౌడ్‌ఫ్లేర్ ఉచితంగా నడిపేవి, పెద్దల సైట్లనూ వైరస్ సైట్లనూ చాలావరకు ఆపుతాయి. ఒక్కచోట రాస్తే ఆటోమేటిక్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటికీ అందుతుంది. డీహెచ్‌సీపీ అసలు సుఖం అదే. తెలివైన పిల్లవాడు దీన్ని దాటిపోగలడు, ఆ సంగతీ గుర్తుంచుకోండి.

మాది టిఫిన్ హోటల్. కస్టమర్లకు వైఫై ఇస్తున్నాం. ఉదయం బాగానే ఉంటుంది, పదకొండు దాటితే కొత్తగా వచ్చేవారికి కలవడం లేదు. నిన్న బిల్లింగ్ కంప్యూటర్‌కూ నెట్ పోయింది. చూస్తే దాని ఐపీ 169.254తో మొదలైంది. ఎవరైనా హ్యాక్ చేశారా?
— ఒక హోటల్ యజమాని, తెనాలి

ఎవరూ చేయలేదండీ. మీ సత్రంలో గదులు నిండిపోయాయి, అంతే.

169.254 అన్నది ఎవరూ ఇచ్చిన చిరునామా కాదు. కంప్యూటర్ ఎంత కేకేసినా జవాబు రాకపోతే, తనకు తానే పెట్టుకునే చిరునామా అది. విండోస్ 98 నాటి నుంచీ ఉన్న అలవాటు. దాంతో పక్క కంప్యూటర్‌తో మాట్లాడవచ్చు గానీ బయటికి వెళ్లే దారి ఉండదు. ఎవరి తెర మీదనైనా ఈ అంకె కనిపిస్తే ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేసే ముందు కేబుల్ ఊడిందేమో, మధ్యలో కేబుళ్లను కలిపే స్విచ్ పెట్టెకు కరెంటు ఉందో లేదో చూడండి. సగం కేసులు అక్కడే తీరిపోతాయి.

మీ విషయంలో మాత్రం చోద్యం వేరే ఉంది. మీరు పంపిన రూటర్ పేజీలో పంచడానికి ఉన్నవి 100 చిరునామాలు, గడువు 24 గంటలు. పెసరట్టు తిని ఇరవై నిమిషాల్లో వెళ్లిపోయిన మనిషి ఫోను పేరిట ఆ చిరునామా రేపటి దాకా అలాగే ఉండిపోతోంది. పదకొండు గంటలకు నూరో ఫోను వచ్చి ఉంటుంది, నూటొకటోదానికి మొండిచేయి. గడువును ఒక గంటకు తగ్గించండి. మొదటి అంకె 20, చివరి అంకె 250 చేయండి. ఇంకా మంచిది, రూటర్‌లో 'గెస్ట్ నెట్‌వర్క్' ఉంటే కస్టమర్లను అటు పంపి బిల్లింగ్ కంప్యూటర్‌ను వేరుగా ఉంచడం. చిరునామాల కోసమే కాదు, ఊరి ఫోనులన్నీ మీ గల్లాపెట్టె ఉన్న నెట్‌వర్క్‌లోనే తిరగడం నాకు నచ్చని పని.

మేడ మీద సిగ్నల్ రావడం లేదని పాత రూటర్‌ను కింది రూటర్‌కు కేబుల్‌తో కలిపాను. అప్పటి నుంచి ఇంట్లో ఒక్కోసారి నెట్ వస్తుంది, ఒక్కోసారి రాదు. ఏ పరికరానికి ఎప్పుడు వస్తుందో చెప్పలేం.
— ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

ఈ తప్పు నేనూ చేశాను. ఒక సంక్రాంతికి మా అన్నయ్య ఇంట్లో సరిగ్గా ఇలాగే పాత రూటర్ తగిలించి, గొప్పగా మీసం తిప్పుకుని భోజనానికి కూర్చున్నాను. పప్పు వడ్డించేలోపు వదిన టీవీ ఆగిపోయింది. పిల్లల ఫోనులు బాగానే ఉన్నాయి. పాయసం వచ్చేసరికి టీవీ బాగైంది, పిల్లల ఫోనులు ఆగాయి. రూటర్ పాడైందని రెండు రోజులు దాన్నే తిట్టుకున్నాను.

పాపం దానిదేమీ లేదు. ఒక సత్రానికి ఇద్దరు గుమాస్తాలు కూర్చున్నారు. కంప్యూటర్ కేక వేసినప్పుడు ఇద్దరూ పలుకుతారు, సాధారణంగా ఎవరు ముందు పలికితే వారి చిరునామానే తీసుకుంటుంది. కింది రూటర్ ఇస్తే ఇంటర్నెట్ వస్తుంది. పైది ఇస్తే అది "నేనే వాకిలి" అని చెబుతుంది, కానీ దాని వెనక ఉన్నది గోడ. నమ్మకం లేకపోతే నెట్ రాని ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్ /ఆల్' (ipconfig /all) అని ఇంగ్లిషులో కొట్టండి. 'డీహెచ్‌సీపీ సర్వర్' అన్న వరుసలో చిరునామా ఇచ్చినవారి అంకె ఉంటుంది. నెట్ వస్తున్న కంప్యూటర్‌లోనూ చూడండి. రెండూ వేరైతే దొంగ దొరికినట్టే.

మందు ఇదీ, వరుస తప్పకుండా చేయండి. ముందు పాత రూటర్‌ను కింది రూటర్ నుంచి విడదీసి, దాన్ని ఒక్కదాన్నే ల్యాప్‌టాప్‌కు కలపండి. దాని సొంత చిరునామాను 192.168.1.2 చేయండి, మీ కింది రూటర్ 192.168.1.1 కనుక. తర్వాత డీహెచ్‌సీపీని ఆపేయండి. వరుస తిరగేసి ముందే ఆపేస్తే ల్యాప్‌టాప్‌కు చిరునామా ఇచ్చేవారు లేక ఆ రూటర్ పేజీలోకి మళ్లీ వెళ్లడమే కష్టమవుతుంది. చివరగా కేబుల్‌ను రంగు వేరుగా ఉండే 'వాన్' రంధ్రంలో కాకుండా, మిగతా 'ల్యాన్' రంధ్రాల్లో ఒకదానిలో పెట్టండి. ఇప్పుడు పై రూటర్ ఒట్టి సిగ్నల్ స్తంభం, పంచేది కిందిదే.

ఆఫీసు ప్రింటర్ వారానికోసారి 'ఆఫ్‌లైన్' అంటుంది. తీసేసి మళ్లీ కలిపితే పనిచేస్తుంది. ప్రింటర్ మార్చాలా?
— ఆడిటర్ కార్యాలయం నుంచి ఒకరు, కర్నూలు

వద్దు. దాని చిరునామా మారుతోంది, మీ కంప్యూటర్లు పాత చిరునామాకే కాగితాలు పంపుతున్నాయి. ప్రింటర్‌లో చేత్తో అంకెలు నింపే జోలికి పోకండి. రూటర్‌లో 'అడ్రస్ రిజర్వేషన్' అనో 'స్టాటిక్ లీజ్' అనో ఒక పేజీ ఉంటుంది. అందులో ప్రింటర్ మ్యాక్ చిరునామా, అంటే పరికరాన్ని నెట్‌వర్క్ గుర్తుపట్టే రెండేసి అక్షరాల ఆరు జతలు, రాసి దాని పక్కన మీకు నచ్చిన ఐపీ కేటాయించండి. ప్రింటర్ ఆటోమేటిక్‌గానే అడుగుతుంది, రూటర్ ప్రతిసారీ అదే గది ఇస్తుంది. కేబుల్‌కూ వైఫైకీ మ్యాక్ వేర్వేరు, ఏది వాడుతున్నారో అదే రాయాలి. తర్వాత ఒక్కసారి కంప్యూటర్లలో ప్రింటర్‌ను కొత్త చిరునామాతో కలుపుకోండి. సీసీ కెమెరాల డీవీఆర్‌కూ ఇదే పద్ధతి.

ఇదే పని ఫోనుకు చేయబోతే మాత్రం పప్పులుడకవు. ఆండ్రాయిడ్ 10, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోనులు అసలు మ్యాక్ దాచి వైఫైకి ఒక మారుపేరు చెబుతున్నాయి. జతల్లో మొదటిదానిలో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఏదైనా అయితే అది మారుపేరే. నమ్మకమైన మీ ఆఫీసు వైఫై ఒక్కదానికీ ఆ సెట్టింగ్ తీసేయవచ్చు. బయట వైఫైలకు అలాగే ఉంచండి.

పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి సొంతంగా డీహెచ్‌సీపీ సర్వర్ చేయాలని ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?
— ఇంజనీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

పాఠ్యపుస్తకాల్లో కనిపించే, ఐఎస్‌సీ అనే సంస్థ చేసిన డీహెచ్‌సీపీ సర్వర్‌కు 2022తో కాలం చెల్లింది. అదే సంస్థ దాని స్థానంలో కియా అనే కొత్తది ఇస్తోంది గానీ, నేర్చుకోవడానికి డీఎన్ఎస్‌మాస్క్ చాలు. సెట్టింగ్స్ ఫైలులో ప్రధానంగా ఒక్క వరుస: మొదటి చిరునామా, చివరి చిరునామా, గడువు. మిగతావి అవసరాన్ని బట్టి చేర్చుకుంటారు. ఆ సర్వర్‌కు మాత్రం చిరునామాను చేత్తోనే ఇవ్వాలి, గుమాస్తా తన గది కోసం తననే అడగలేడు కదా. నెట్‌వర్క్‌లో నడిచే మాటలను చూపించే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, డీహెచ్‌సీపీ వాడే 67, 68 పోర్టుల రాకపోకలు చూడండి, పైన చెప్పిన నాలుగు మాటలూ కళ్లెదుట వరుసగా కనిపిస్తాయి.

ప్రయోగానికి విడిగా ఒక స్విచ్ కొనుక్కుని దానికే రెండు కంప్యూటర్లు తగిలించండి. హాస్టల్ నెట్‌వర్క్‌లో మాత్రం ఆ కేబుల్ పెట్టవద్దు. రాజమహేంద్రవరం పెద్దాయన ఇంటి గొడవ మూడు అంతస్తుల్లో మొదలవుతుంది. మీ కాలేజీ స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్‌లో ఉంటే, అనుమతి లేని మీ సర్వర్ ఇచ్చే జవాబులను అవి అక్కడికక్కడే ఆపేస్తాయి. లేకపోతే తెల్లారేసరికి మీ తలుపు తట్టేది వార్డెన్.