ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ అయితే, యాప్ వేసుకోవడానికి కంపెనీ అనుమతి ఎందుకు?

ఆండ్రాయిడ్ కోడ్ అందరికీ అందుబాటులో ఉన్నప్పుడు ఏ యాప్ వేసుకోవాలో గూగుల్ కంపెనీ ఎలా నిర్ణయిస్తుంది, లైనేజ్ ఓఎస్‌కి (ఆండ్రాయిడ్ కోడ్‌తో వాలంటీర్లు తయారుచేసే ఉచిత ఫోన్ సిస్టమ్‌కి) మారితే ఈ సమస్య తీరుతుందా అని అడిగారు. ఈ సమస్య తీరుతుంది, కానీ ఇంకోటి మొదలవుతుంది. నేను రెండూ అనుభవించాను.

ఏఓఎస్‌పీ (ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్) కోడ్‌ని ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు, అది నిజమే. కానీ కొన్న ఫోన్‌లో ఆ కోడ్ ఒక్కటే ఉండదు. దాని పైన ప్లే స్టోర్, చాలా యాప్‌లు ఆధారపడే ప్లే సర్వీసెస్ ఉంటాయి. అవి గూగుల్ సొంతం, వాటి కోడ్ బయటికి ఇవ్వరు. అవి కావాలంటే తయారీ కంపెనీ తన ఫోన్‌కి గూగుల్ సర్టిఫికేషన్ తెచ్చుకోవాలి. పట్టు అంతా అక్కడే ఉంది. సర్టిఫై అయిన ఫోన్లలో, గుర్తింపు నమోదు చేసుకున్న డెవలపర్ల యాప్‌లే ఇన్‌స్టాల్ అవుతాయని 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించింది. బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో 2026 సెప్టెంబరు నుంచి, మిగతా దేశాల్లో 2027 నుంచి అన్నారు. అభ్యంతరాలు వచ్చాక, రిస్క్ తెలిసి వేసుకునేవాళ్ళకి వేరే దారి ఇస్తామని 2025 నవంబరులో చెప్పారు.

ఇది నన్ను ఎందుకు బాధపెట్టిందంటే, అమ్మ మాత్రలు వేసుకునే వేళకి గుర్తుచేసే చిన్న యాప్ ఒకటి నేనే రాశాను. ఏపీకే ఫైల్ (యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైల్) పంపాను, అమ్మ నొక్కింది, అంతే. మా ఇద్దరి మధ్య ఇంకెవరూ లేరు. అభిరుచి కొద్దీ రాసేవాళ్ళకి, కొద్ది ఫోన్ల వరకు, ఉచిత ఖాతా ఇస్తామంటున్నారు. ఇచ్చినా సరే, కన్నతల్లి ఫోన్‌లో యాప్ పెట్టడానికి నేను ఒక కంపెనీకి నా వివరాలు ఇవ్వాలా? ప్లే స్టోర్‌తో సంబంధం లేని ఉచిత యాప్‌ల స్టోర్ ఎఫ్-డ్రాయిడ్ కష్టం ఇంకా పెద్దది. 2010 నుంచి ఎవరెవరో రాసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని దాని కోడ్ నుంచి తనే యాప్‌గా తయారుచేసి అందిస్తోంది. ఆ డెవలపర్లందరినీ నమోదు చేసుకోమని బలవంతం చేసే వీలు దానికి లేదు.

నకిలీ బ్యాంకు యాప్‌లు అంటగట్టి దోచుకునేవాళ్ళు ఉన్నారు, ఆ భయం నిజమే. గట్టిగా హెచ్చరించమనండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఆఖరి మాట మాత్రం ఫోన్ కొన్నవాళ్ళదే కావాలి.

ఇక లైనేజ్ ఓఎస్. దానికి గూగుల్ సర్టిఫికేషన్ లేదు కాబట్టి ఈ నియమం దానికి తగలదు. తయారీ కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన పాత ఫోన్‌లో వేశాను. సెక్యూరిటీ ప్యాచ్‌లు మళ్ళీ రావడం మొదలైంది, ఎఫ్-డ్రాయిడ్ హాయిగా నడుస్తోంది. బ్యాంకు యాప్ మాత్రం తెరుచుకోలేదు. లైనేజ్ వేయాలంటే బూట్‌లోడర్‌ని (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లోడ్ చేసే ప్రోగ్రామ్‌ని) అన్‌లాక్ చేయాలి; బ్యాంకు యాప్‌లు వాడే ప్లే ఇంటిగ్రిటీ అనే గూగుల్ తనిఖీలో అలాంటి ఫోన్ మామూలుగా పాస్ కాదు. ఏళ్ళ తరబడి ప్యాచ్ లేని పాత సిస్టమ్‌తో ఉన్నప్పుడు ఇదే ఫోన్‌లో ఆ యాప్ మామూలుగానే పనిచేసింది! రెండు రోజులు టెన్షన్ పడి, చివరికి డబ్బు పనులన్నీ బ్రౌజర్‌లోకి మార్చుకున్నాను.

మీరు మారేముందు రెండు చూడండి. మీ మోడల్ లైనేజ్ ఓఎస్ జాబితాలో ఉందా, ఫోన్ తయారీ కంపెనీ బూట్‌లోడర్ అన్‌లాక్ చేయనిస్తుందా? అలాగే, మీ బ్యాంకు పనులు బ్రౌజర్‌లో అవుతాయో లేదో ముందే ప్రయత్నించండి. అన్‌లాక్ చేస్తే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఫొటోలు, కాంటాక్టులు ముందే వేరే చోట దాచుకోండి.