లండన్ కాదని ఆఫర్ వదులుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి మూడేళ్లుగా విజయవాడలో ఐసీయూలో పనిచేస్తోంది. ఇంగ్లిష్ పరీక్ష, సీబీటీ (బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావడానికి కంప్యూటర్‌పై రాసే పరీక్ష) పాసైంది. ఇంగ్లండ్‌లో బరీ సెయింట్ ఎడ్మండ్స్ అనే చిన్న ఊళ్లోని ప్రభుత్వ ఆసుపత్రి ఆఫర్ ఇచ్చింది. లండన్‌లో వచ్చేదాకా ఆగమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, తణుకు

జవాబు: ఆగొద్దండీ, వెళ్లమనండి. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఊరు చిన్నదని జీతం తగ్గదు. 2025-26లో బ్యాండ్ 5 (రిజిస్టర్ అయిన నర్సు మొదలయ్యే జీతాల శ్రేణి) నర్సుకు మొదటి మెట్టు ఏడాదికి 31,049 పౌండ్లు. లండన్ నడిబొడ్డున దీనిపై 20 శాతం అలవెన్స్ ఇస్తారు, కానీ దాన్ని ఇంటద్దె ఒక్కటే మింగేస్తుంది. బరీలోనూ ఇళ్లు చవకేం కాదు. కేంబ్రిడ్జ్ దాదాపు 45 కిలోమీటర్లే కాబట్టి అద్దెలు గట్టిగానే ఉంటాయి. అయినా లండన్ లెక్క వేరు.

సఫక్ జిల్లాలో నలభై వేల పైచిలుకు జనం ఉన్న ఊరది. బుధవారం, శనివారం ఊరి మధ్యలో సంత. కూరగాయలు, చేపలు, పూలు అన్నీ అక్కడే. సాయంత్రం ఐదున్నరకల్లా చాలా షాపులు మూసేస్తారు. ఆదివారమైతే పెద్ద సూపర్‌మార్కెట్లు కూడా ఆరు గంటలసేపే తెరిచి ఉంచుతారు. ఇవన్నీ నెలలో అలవాటైపోతాయి. కందిపప్పు, చింతపండు కోసం కేంబ్రిడ్జ్‌లోని మిల్ రోడ్ దాకా వెళ్లాల్సి రావచ్చు, అదీ పెద్ద కష్టం కాదు.

అసలు కష్టం బస్సు. ఇలాంటి ఊరికే వెళ్లిన ఒకమ్మాయి మొదటి నెలలో నాకు ఫోన్ చేసింది. ఆదివారం ఉదయం ఏడున్నరకు డ్యూటీ, ఆ టైముకి బస్సు లేదు. టాక్సీ ముందురోజే చెప్పుకోవాలని ఆమెకు తెలియదు. జనవరి చీకట్లో ఫోన్ టార్చి వేసుకుని మూడున్నర కిలోమీటర్లు నడిచింది. ఫుట్‌పాత్ అయిపోయిన చోట గడ్డి మీద నడవాల్సి వచ్చి, తడిసిన బూట్లతోనే పన్నెండు గంటలు వార్డులో నిలబడిందట. ఊరు గురించి ఆమె చెప్పిన ఫిర్యాదు అదొక్కటే.

కాబట్టి ఇల్లు ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలో చూసుకోమనండి, గది కాస్త ఇరుకైనా సరే. వీసా వచ్చేలోపు ఇక్కడే కారు నేర్చుకుని లైసెన్స్ తీసుకోవాలి. మన లైసెన్స్‌తో అక్కడ 12 నెలలు నడపొచ్చు, తర్వాత చెల్లదు. అక్కడి డ్రైవింగ్ టెస్ట్ తేదీ దొరకడానికి నెలలు పడుతోంది, దిగగానే దరఖాస్తు పెట్టుకోవాలి. స్కూటీ లైసెన్స్ ఉంది కదా అని ఊరుకోకండి.

సంతకం పెట్టే ముందు ఆసుపత్రికి మెయిల్ పెట్టి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. వసతి ఎన్ని వారాలు ఇస్తారు? అక్కడికెళ్లాక రాయాల్సిన ప్రాక్టికల్ పరీక్ష, అదే ఆస్కీ, ఫీజు ఎవరిది? పాసై పిన్ (నర్సు రిజిస్ట్రేషన్ నంబరు) వచ్చేదాకా ఏ బ్యాండ్ జీతం? రెండు మూడేళ్లలోపు మానేస్తే ఎంత తిరిగి కట్టాలి? ఈ చివరి ప్రశ్న అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు, తర్వాత బాధపడతారు. మధ్యలో ఏ ఏజెంటైనా ఉద్యోగం పేరుతో డబ్బడిగితే ఇవ్వొద్దు. బ్రిటన్‌లో అలా వసూలు చేయడం చట్టవిరుద్ధం.

భాష గురించి ఒక మాట. పరీక్షలో మంచి స్కోరు వచ్చినా, వార్డులో ఎనభై ఏళ్ల పెద్దావిడ 'స్పెండ్ ఎ పెన్నీ' అంటే బాత్రూంకి తీసుకెళ్లమని అర్థమని ఎవరూ నేర్పరు. 'టీ' అంటే చాలామందికి సాయంత్రం భోజనం. ఎదురొచ్చినవాళ్లు 'ఆల్‌రైట్?' అంటే ఆరోగ్యం అడుగుతున్నట్టు కాదు, మన 'ఏవండీ, బాగున్నారా' లాంటి పలకరింపే. అర్థం కానప్పుడు తలూపకుండా మళ్లీ అడగమనండి. నర్సు ఊరికే తలూపితే ప్రమాదం. తోడు గురించి టెన్షన్ వద్దు, తెలుగువాళ్లు తక్కువున్నా మలయాళీ నర్సులు ఎక్కడైనా కనిపిస్తారు.

ఇంకొకటి. ఆ ఊళ్లో బీట్ దుంపల నుంచి పంచదార తీసే పెద్ద ఫ్యాక్టరీ ఉంది. సెప్టెంబరు నుంచి చలికాలమంతా ఊరిమీద ఆ వాసన కమ్ముతుంది. అమ్మాయి ఫోన్ చేసి 'నాన్నా, ఇదేం వాసన' అంటే ఏం చెప్పాలో, షుగర్ ఫ్యాక్టరీ చూసిన తణుకువాళ్లకు నేను నేర్పాలా!