రక్తపరీక్ష స్కోరుతో ఆయుష్షు తేలుతుందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. మా నాన్నగారికి 62 ఏళ్లు, బరువు 60 కిలోలు. పెద్దపేగు క్యాన్సర్‌కు వచ్చే నెల ఇక్కడే ఆపరేషన్. కేస్ షీటులో పి.ఎన్.ఐ. 39, ఎన్.ఎల్.ఆర్. 4, ఎం.జి.పి.ఎస్. 2 అని రాశారు. ఇలా ఉంటే ఎక్కువ కాలం బతకరని బంధువులొకరు అన్నారు. నిజమేనా? అల్బుమిన్ ఎక్కిస్తే స్కోరు మెరుగవుతుందా? రిపోర్టు జతపరిచాను.
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ బంధువులు అన్నంత మాట ఈ అంకెలు చెప్పవు. పోషణ స్థితిని అంచనా వేసే స్కోరైన పి.ఎన్.ఐ.ని జపాన్ సర్జన్ ఒనోడెరా 1984లో రూపొందించినప్పుడు ఆయన అంచనా కట్టదలచింది ఆయుష్షును కాదు, పోషణ తగ్గిన రోగికి పేగు కోసి కుట్టడంలో ఉండే ప్రమాదాన్ని. రక్తంలోని ప్రోటీన్ అయిన అల్బుమిన్‌ను 10తో, ఒక రకం తెల్ల రక్తకణాలైన లింఫోసైట్ల సంఖ్యను 0.005తో గుణించి కలుపుతారు. మీ రిపోర్టులో అల్బుమిన్ 3.2, లింఫోసైట్లు 1,400 కాబట్టి 32కు 7 కలిసి 39 అయింది. మరో రకం తెల్ల రక్తకణాలైన న్యూట్రోఫిల్స్ 5,600ను ఆ 1,400తో భాగిస్తే వచ్చిన 4 ఎన్.ఎల్.ఆర్. అవుతుంది. వాపు ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రోటీన్ అయిన సి.ఆర్.పి. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటి, అల్బుమిన్ 3.5 కంటే తగ్గినవారికి ఈ రెండింటినీ కలిపి చూసే ఎం.జి.పి.ఎస్. స్కోరు 2 వేస్తారు, నాన్నగారి సి.ఆర్.పి. 18. (కొన్ని ల్యాబులు దీన్నే డెసిలీటరు లెక్కన 1.8 అని ఇస్తాయి. అది చూసి తగ్గిందని సంబరపడేవారు ఉంటారు, యూనిట్ చూడండి.)

కణితి వల్ల ఒంట్లో వాపు ప్రక్రియ (ఇన్‌ఫ్లమేషన్) రగులుతున్నప్పుడు కాలేయం సి.ఆర్.పి.ని ఎక్కువగా, అల్బుమిన్‌ను తక్కువగా తయారుచేస్తుంది. అందుకే ఇలాంటి స్కోర్లున్న రోగులలో, సమూహంగా చూసినప్పుడు, ఆపరేషన్ తర్వాతి చిక్కులు ఎక్కువగానూ బతికే కాలం తక్కువగానూ కనిపించాయని అనేక అధ్యయనాలు చూపాయి. అయితే ఒక్కో అధ్యయనం గీత ఒక్కోచోట గీసింది, ఎన్.ఎల్.ఆర్.కు కొందరు 3 అంటే కొందరు 5 అన్నారు. పైగా జ్వరం, చీము, స్టెరాయిడ్ మాత్రలు, కాలేయ వ్యాధి ఏవున్నా ఈ అంకెలు మారిపోతాయి. ఆయుష్షు అంచనాలో మొదటి మాట ఇప్పటికీ వ్యాధి దశదే: కణితి పేగు గోడలో ఎంత లోతుకు వెళ్లింది, లింఫ్ గ్రంథులకు, కాలేయానికి పాకిందా అన్నది. తీసిన పేగుతోపాటు కనీసం 12 గ్రంథులను పరీక్షించాకే అది గట్టిగా తేలుతుంది. ఆ రిపోర్టు రాకముందే ఏళ్లు లెక్కపెట్టడం నా దృష్టిలో తొందరపాటు.

అల్బుమిన్ ఎక్కిస్తే కొద్దిరోజులు అంకె పెరుగుతుందే తప్ప పోషణ పెరగదు, వాపు తగ్గదు. ఆ డబ్బు తిండికి పెట్టండి. క్యాన్సర్ రోగికి కిలో బరువుకు రోజుకు 1 గ్రాముకు మించి, వీలైతే 1.5 గ్రాముల వరకు ప్రోటీన్ అందాలి. నాన్నగారికి అది 90 గ్రాముల దాకా వస్తుంది. జబ్బు మనిషని గంజి, కొబ్బరినీళ్లతో సరిపెడితే అందులో చాలా తక్కువే అందుతుంది. రెండు గుడ్లలో సుమారు 12 గ్రాములు ఉంటాయి. వాటితోపాటు రాగి సంగటిలోకి గట్టి పప్పు, పెరుగు, చికెన్, అవసరమైతే ప్రోటీన్ పొడి కలుపుకుంటూ పోవాలి. పేగు ఇరుకై కడుపుబ్బరం, వాంతులు ఉంటే, లేదా మూత్రపిండాల జబ్బు ఉంటే, ఇవేవీ సొంతంగా మొదలుపెట్టకండి. పోషణ బాగా దెబ్బతిన్నవారికి ఆపరేషన్‌ను 7 నుంచి 14 రోజులు వెనక్కి జరిపి ఆహారం పట్టించే పద్ధతి ఉంది. మీకు నెల వ్యవధి ఉంది గనుక ఈ వారమే ఆసుపత్రి డైటీషియన్‌ను కలవండి. గత ఆరు నెలల్లో నాన్నగారు ఎన్ని కిలోలు తగ్గారో వారికి తప్పక చెప్పండి.